ఆదికిచ్చిన కత్తి

టైలరమ్మ రోజూ పొద్దున్నే, మిషను మీద కప్పిన గుడ్డ తీయకముందే, ఒక పని చేసేది. మూలనున్న పేలికల సంచిలో చెయ్యిపెట్టి, దొరికిన ముక్కని బయటికి లాగి, సుద్ద గీయకుండా, టేపు పట్టకుండా, ఈ కొస నుంచి ఆ కొస దాకా కత్తెరతో ఒక్క ఊపున కోసేది. కోసిన అంచుని కిటికీ వెలుతురుకి ఎత్తిపట్టి, ఒక కన్ను మూసి చూసుకునేది. దారం పట్టి లాగినట్టు తిన్నగా వచ్చిందంటే, "ఈ చెయ్యి నువ్విచ్చిందే స్వామీ, సాయంత్రం దాకా నువ్వే చూసుకో" అనుకుని, కత్తెరని కళ్ళకద్దుకుని పనిలో కూర్చునేది. ఎప్పుడూ తిన్నగానే వచ్చేది. ఒళ్ళు కాలిపోతున్న జ్వరంలో కూడా ఆ అంచు వంకరపోయింది లేదు. కోసిన ముక్కల్ని పారేసేది కాదు. కాస్త పోగయ్యాక కట్టగట్టి, వేడి గిన్నెలు దించుకోవడానికి పనికొస్తాయని వీధి చివరి టీకొట్టు అక్కకి ఇచ్చొచ్చేది. టీకొట్టు అక్క ఊరికే పుచ్చుకునే మనిషి కాదు. టైలరమ్మ ఆ దారిన కనబడితే చాలు, "ఆగవే, ఎక్కడికా పరుగు?" అని కేకేసి చేతిలో గ్లాసు పెట్టేది.

జాకెట్లు, బడి పిల్లల యూనిఫారాలు, తలగడ గలీబులు, ఏవైనా సరే, టైలరమ్మ పనంతా ఆది మీద నడిచేది. కొత్తది కుట్టించుకునేవాళ్ళు తమకి సరిగ్గా అమరిన పాతదాన్ని కొలతకి తెచ్చిస్తారు కదా, అదీ ఆది. టేపుతో కొలిస్తే మనిషి ఊపిరి బిగబట్టి పొట్ట దాచుకోవచ్చు, ఆది మాత్రం అబద్ధమాడదని ఆవిడ నమ్మకం. "ఆది చేతికొచ్చాక నోరు మూసుకుని కుట్టడమే. చంక దగ్గర ఇంత వదులెందుకు, మెడ ఇంత పైకెందుకు అని ఆరాలు తీసేవాళ్ళు దర్జీలు కారు, పోలీసులు" అనేది.

భర్తది వేరే లోకం. కొండ మీది ఊట నుంచి కిందికి నీళ్ళు మోసుకొచ్చే పెద్ద ఇనప గొట్టం ఒకటుంది. దాని పక్కనే మనిషి నడవడానికి ఒక సన్నటి దారి. ఆ దారిని పొదలు మింగేయకుండా చూడటం ఆయన ఉద్యోగం. ముఖ్యంగా వానలకి ముందు రెండు పక్కలా కొట్టి శుభ్రం చేయాలి. లేకపోతే గొట్టం ఎక్కడ చెమ్మగిల్లిందో, ఎక్కడ కారుతోందో కంటికి ఆనదు. ఒంటరి పని. తెల్లారకముందే చంకన మచ్చుకత్తి, భుజాన నీళ్ళ సీసాతో వెళ్ళి, ఎండెక్కేసరికి గడ్డిపోచలు అంటుకున్న పంచెతో తిరిగొచ్చేవాడు. ఆయన కత్తి పట్టి కొట్టడం ఆవిడ చూసింది లేదు. ఆవిడకి అక్కడేం పని?

అలాంటి మనిషి ఒకరోజు తడి బండ మీద కాలు జారి పడ్డాడు. ఎడమ మణికట్టు విరిగింది. చేతిలోని మచ్చుకత్తి రాతికి తగిలి పిడి దగ్గర పుటుక్కుమంది.

కట్టు కట్టించుకుని వచ్చాక చూడటానికి వచ్చిన ప్రతివాళ్ళూ ఒకే మాట అన్నారు. "పోన్లెండి, దేవుడు చల్లగా చూశాడు. ఎడమచెయ్యేగా!" ఆయన తలూపేవాడు. వచ్చినవాళ్ళు వెళ్ళిపోయాక గోడవైపు తిరిగి పడుకునేవాడు.

గొట్టం పనుల సూపర్‌వైజరు కూడా వచ్చాడు. చెడ్డవాడు కాదు, వస్తూ వస్తూ పళ్ళు తెచ్చాడు. కుర్చీలో కూర్చుని కాసేపు కట్టుకేసి చూసి, "ఎడమచెయ్యేగా పెద్దాయనా! కుడిచేత్తో మెల్లగా కొట్టుకుంటూ పోలేరా?" అన్నాడు.

ఆయన దుప్పటి అంచు నలుపుతూ కూర్చున్నాడు.

"నా మీద పైవాళ్ళున్నారు" అన్నాడు సూపర్‌వైజరు నొచ్చుకుంటూ. "కోత మిషన్లతో వచ్చి ఊడ్చేస్తామని ఒక కాంట్రాక్టరు తిరుగుతున్నాడు. వానల ముందు నేనొచ్చి దారంతా నడిచి చూస్తాను. ఆ రోజుకి దారి దారిలా ఉంటే ఈ పని మీ ఇంట్లోనే ఉంటుంది. లేకపోతే నేనేం చేయలేను."

టైలరమ్మ భర్త మొహం చూసింది. ఆ దారి పోతే ఈ మనిషి మంచం దిగడని ఆవిడకి అర్థమైపోయింది. జీతం సంగతి తర్వాత. పొద్దున్నే లేచి కిటికీలోంచి కొండకేసి చూస్తూ నిలబడటం తప్ప ఆయనకి ఇంకో ధ్యాస లేదు.

"నేను కొడతాను సార్" అంది.

సూపర్‌వైజరు ఆవిడ్ని, మిషన్నీ, ఆవిడ మెళ్ళో వేలాడుతున్న టేపునీ వరసగా చూశాడు. "మీరా అమ్మా? పొదలవి, పాంటు గుడ్డలు కావు."

"కొయ్యడమేగా సార్. పుట్టిన దగ్గర్నుంచీ కోస్తూనే ఉన్నాను."

ధీమాగా అనేసింది గానీ, సూపర్‌వైజరు వెళ్ళగానే చిక్కులు ఒక్కొక్కటే లెక్కపెట్టుకుంది. మొదటి చిక్కు, కత్తి లేదు. రెండోది, ఎలాంటి కత్తి కావాలో తెలీదు. మూడోది అన్నింటికన్నా పెద్దది. అడిగితే ఇంట్లో మనిషి సగమే చెబుతున్నాడు.

"చూడవే" అన్నాడాయన ఆ సాయంత్రం. "మచ్చుకత్తికి బరువు ముందుండాలి. పట్టుకుంటే చెయ్యి దానంతటదే కిందికి పోవాలి. ఇనుము పిడి లోపల చివరిదాకా దిగి ఉండాలి. సగంలో ఆగిపోయిందో, ఏదో ఒకరోజు పిడి నీ చేతిలో, కత్తి ఎవరి కాలిమీదో. గోటితో మీటితే మోగాలి. మెరుపు చూసి మోసపోకు."

"అయితే మీరే వచ్చి ఎంచి పెట్టండి. కుడిచేత్తో పట్టి చూపిస్తే చాలు, నేను నేర్చుకుంటా."

"నాకు నిద్రొస్తోంది" అన్నాడు. దీపాలు కూడా పెట్టని వేళ.

టైలరమ్మకి మనసులో కలుక్కుమంది. ఇన్నేళ్ళలో ఒక్కరోజు పని ఎగ్గొట్టని మనిషి. కుడిచెయ్యి నిక్షేపంలా ఉంది. అన్నం తింటున్నాడు, సంతకం పెడుతున్నాడు. కత్తి మాటెత్తితే మాత్రం నత్తలా లోపలికి ముడుచుకుపోతాడేం? భయపడ్డాడా? బద్ధకమా? ఆ రెండో మాట అనుకున్నందుకు తనని తనే తిట్టుకుంది.

మర్నాడు మరిది పనిచేసే ఇనప సామాన్ల దుకాణానికి వెళ్ళింది. అతనికి వదినంటే ప్రాణం. కనబడగానే స్టూలు లాగి వేశాడు, తుడిచి మరీ వేశాడు. తర్వాత కత్తుల గోడ ముందు నిలబడి వేలంపాటలాగా అందుకున్నాడు.

"ఇది చూడు వదినా, వీపు మీద రంపం. కొమ్మ కొట్టొచ్చు, విసుగొస్తే కొయ్యొచ్చు. ఇది తుప్పు పట్టదు. ఇదిగో, దీని పిడిలో దిక్సూచి ఉంది!"

"దిక్సూచి ఎందుకు?"

"దారి తప్పితే?"

"గొట్టం పట్టుకుని నడిచేదాన్ని, దారెలా తప్పుతాను మరిదీ? గొట్టం లేచి ఎటన్నా వెళ్ళిపోతుందా?"

"నీతో మాట్లాడలేను. పోనీ పెద్దది కావాలా, చిన్నది కావాలా? పెద్దదైతే పొదలకి మంచిది, చేతికి బరువు. చిన్నదైతే చేతికి మంచిది, పొదలు నవ్వుతాయి."

"ఏది మంచిదంటావు?"

"అన్నీ మంచివే వదినా. నేను అమ్మేవాణ్ణి, నన్నడిగితే ఎలా?"

చివరికి తుప్పు పట్టనిదాన్ని ఇచ్చి, "పనికి రాకపోతే తెచ్చిచ్చెయ్, ఓనరుకి నేను చెప్పుకుంటా" అన్నాడు. ఆవిడ దాన్ని గోటితో మీటింది. చెంచాలా టింగుమంది. మోగాలన్నారు కదా, మోగింది. ఏ మోత మంచి మోతో ఆయన చెప్పలేదు.

పొద్దున్నే కొండ దారిన వెళ్ళి మొదటి పొద మీద ఒక్కటేసింది. కత్తి ఎగిరి వెనక్కొచ్చింది. పొద కాస్త ఒళ్ళు విరుచుకుని మళ్ళీ మామూలుగా నిలబడింది. ఎండెక్కేదాకా కొట్టింది. అరచెయ్యి జిల్లుమంది గానీ దారి జానెడు కూడా తెరుచుకోలేదు. తిరుగుదారిలో టీకొట్టు అక్క ఆవిడ అరచేతిని చూసి, లోపలికెళ్ళి, తను కట్టెలు కొట్టే కత్తి తెచ్చి చేతిలో పెట్టింది. "తేలికదానితో అయ్యే పని కాదిది. దీంతో కొట్టు." మర్నాడు దాంతో కొట్టింది. అది దిగింది. దిగి, మళ్ళీ బయటికి రానంది. కత్తిని కొమ్మలోంచి ఊడలాగేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. సాయంత్రానికి భుజం పైకి లేవలేదు.

మరిదేమో ఇంకా పొడుగుది తీసుకోమంటాడు. టీకొట్టు అక్క ఇంకా పొట్టిది కావాలేమోనంటుంది. టీ తాగడానికి వచ్చిన ఒక లారీ డ్రైవరు వంపున్నది కొనమన్నాడు, పక్కాయన వంపున్నది కాలు నరుకుతుందన్నాడు. ఎవరి మాట విన్నా అదే నిజమనిపించింది. రెండో మనిషి నోరు విప్పేదాకానే. టైలరమ్మకి బుర్ర తిరిగిపోయింది. గుడ్డ కొనడానికి వెళ్ళి, పూలదా గీతలదా అని పూటంతా నిలబడిపోయే ఆడవాళ్ళని ఇన్నాళ్ళూ లోలోపల వేళాకోళం చేసినందుకు దేవుడు ఇలా చూపిస్తున్నాడేమో అనుకుంది.

ఆ అయోమయంలోనే ఒక ఆలోచన మెరిసింది. తను దర్జీ. తెలియని కొలత వచ్చినప్పుడు దర్జీ ఏం చేస్తుంది? ఆది అడుగుతుంది. ఇంట్లో ఆది ఉండగా ఊరంతా తిరగడమేమిటి!

మంచం కింద చుట్టిపెట్టిన విరిగిన మచ్చుకత్తిని బయటికి తీసింది. మోచెయ్యంత పొడవు. ముందు వెడల్పు, కొస కొంచెం లోపలికి వంగి ఉంది. ఏళ్ళ తరబడి నూరీ నూరీ అలుగు సన్నబడిపోయింది. ముక్కలు రెంటినీ తువ్వాలులో చుట్టి కమ్మరి దగ్గరికి తీసుకెళ్ళింది.

కమ్మరి ఆవిడకి కొడుకయ్యేంత చిన్నవాడు. తండ్రి పోయాక కొలిమి అతనే చూసుకుంటున్నాడు. ఆవిడ రాగానే నిప్పు మీంచి లేచి, సెగ తగలని చోట పీట వేశాడు. తువ్వాలు విప్పి చూసి, "మా నాన్న చేతి పని" అన్నాడు మెల్లగా. అలుగుని అటూ ఇటూ తిప్పాడు. "పిన్నీ, ఇది ఒక పక్కే నూరిన పదును. రెండో పక్క చదును. చూశావా? ఇలాగే ఉంచమంటావా, లేకపోతే..."

"ఉన్నదున్నట్టు నాయనా" అందావిడ మాట పూర్తికానివ్వకుండా. "ఆది ఇచ్చాక మళ్ళీ ప్రశ్నలేమిటి? పొడవు, వెడల్పు, వంపు, పదును, ఏదీ గోరంత మార్చకు. ఆ కత్తి ఎలా ఉందో, కొత్తది అచ్చం అలాగే ఉండాలి."

"సరే, నీ ఇష్టం" అన్నాడతను. ఇంకోసారి ఆవిడ చేతులకేసి చూసి, ఏదో అర్థమైనట్టు తలూపి, కొలిమి వైపు తిరిగాడు.

కత్తి వచ్చింది. ఎంత బాగా వచ్చిందంటే, భర్త దాన్ని ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు వదల్లేదు. మీటితే గుడిగంట కొసన మిగిలే మోతలాగా సన్నగా సాగింది. ఇదన్నమాట మోత! బరువు ముందుకుంది, ఇనుము పిడి చివరిదాకా ఉంది. "ఇంక నీకు దిగులక్కర్లేదు" అన్నాడాయన. ఆ మాటకే ఆవిడకి సగం దారి కొట్టేసినట్టయింది.

తీరా కొట్టబోతే, కత్తి కొమ్మ మీంచి జారిపోయింది.

చెయ్యి కుదరలేదేమోనని మళ్ళీ కొట్టింది. మళ్ళీ జారింది. కొమ్మ తెగకుండా బెరడు మాత్రం ఒలుచుకొచ్చింది. చూసిన చోట పడదు, పడ్డ చోట దిగదు. ఎవరో పక్కన నిలబడి చెయ్యి పట్టి లాగుతున్నట్టు, ప్రతి దెబ్బా పక్కకి పోతోంది. గట్టిగా కొడితే ఇంకా దూరం పోతోంది. ఇంత మంచి కత్తి. ఆయన ముప్పయ్యేళ్ళు ఇలాంటిదానితోనే దారిని అద్దంలా ఉంచాడు. మరి లోపమెక్కడ? కత్తిలో లేదు, పొదలో లేదు. ఇంక మిగిలింది తనే.

రోజూ వెళ్ళింది. రోజూ అదే వరస. ఇంటికొచ్చి అడిగితే ఆయనకీ అంతుపట్టలేదు. "నాకెప్పుడూ జారలేదే" అన్నాడు నిజాయితీగా. "ఎలా పట్టుకుంటున్నావు?" పట్టుకుని చూపించింది. ఆయన ఆవిడ చేతిని చూశాడు, కత్తిని చూశాడు. ఏదో అనబోయి, తన కట్టుకేసి చూసుకుని, "ఏమో" అన్నాడు. పైన మబ్బులు మాత్రం రోజురోజుకీ నల్లబడుతున్నాయి.

ఒక పొద్దున, ఎప్పటిలాగే పేలికల సంచిలోంచి ముక్క తీసి కత్తెరతో కోసింది. కిటికీకేసి ఎత్తిపట్టింది. అంచు పాములా మెలికలు తిరిగి ఉంది.

ఇంకో ముక్క తీయడానికి ధైర్యం చాల్లేదు. "స్వామీ, కత్తి ఎలాగూ లొంగలేదు. చేతిలో ఉన్న కత్తెర కూడా లాక్కుంటావా?" అనుకుంది. దేవుడి మీద ఆవిడకి ఎప్పుడూ కోపం రాదు. ఆ రోజు కూడా కోపం కాదు. చెయ్యి పట్టుకుని నడిపించేవాళ్ళు సంతలో చెయ్యి వదిలేస్తే చంటిపిల్లకి ఎలా ఉంటుందో అలా ఉంది.

అయినా వెళ్ళింది. నాలుగు దెబ్బలు వేసిందో లేదో, కత్తి జారి ఎడమకాలి చెప్పు మీద పడింది. పట్టీ తెగింది, వేలు దక్కింది. ఇంకొంచెం లోపలికి పడి ఉంటే? ఆవిడ బండ మీద కూలబడింది. కత్తిని కొంగులో చుట్టుకుని, ఒక చెప్పు కాలికి, ఒక చెప్పు చేతికి, మధ్యాహ్నం కాకుండానే ఇంటిదారి పట్టింది.

అప్పటికి కొన్నాళ్ళ కిందటే ఆయన కట్టు విప్పారు. బరువెత్తకూడదు, దెబ్బ వేయకూడదు, చిన్న పనులతో వేళ్ళని ఆడిస్తూ ఉండమన్నాడు డాక్టరు. వాకిట్లోకి రాగానే కిటికీలోంచి ఆవిడకి ఆయన కనిపించాడు. మిషను ముందు కూర్చుని, పొద్దున ఆవిడ వంకరగా కోసిన ముక్కనే తీసి, కత్తెరతో సరిచేస్తున్నాడు. నాలుక కొస పళ్ళ మధ్య పెట్టుకుని, బడిపిల్లాడిలా ఒళ్ళు మరిచిపోయి ఉన్నాడు.

కత్తెర ఆయన ఎడమచేతిలో ఉంది.

గుడ్డ తెగడం లేదు. రెండు రెక్కల మధ్యా మడతపడి నలిగిపోతోంది. ఆవిడకి నవ్వొచ్చింది. పెళ్ళైన కొత్తలోనూ అంతే. దారం ముక్క కత్తిరించబోయి ఆయన కత్తెర పట్టినప్పుడల్లా ఇదే తంతు. "నా కత్తెరకి మీరంటే పడదు" అని వెక్కిరించేది. ఎడమచేత్తో పడితే అదెలా తెగుతుంది? కత్తెర కుడిచేతికి చేసిన...

నవ్వు అక్కడే ఆగిపోయింది.

చేతిలో చెప్పు కింద పడింది. ఆ చప్పుడుకి ఆయన తలెత్తాడు. ఆవిడని చూడగానే, దొంగతనం పట్టుబడినట్టు, గబుక్కున కత్తెరని కుడిచేతిలోకి మార్చుకున్నాడు. మార్చుకుని, "ఊరికే... వేళ్ళు ఆడిద్దామని" అన్నాడు.

అప్పుడు గుర్తొచ్చింది, ఎప్పుడో అత్తగారు అన్న మాట. "వీడిది చిన్నప్పుడు పుర్రచేతి వాటమమ్మా. బళ్ళో పంతులు ఆ వేళ్ళ మీద కొట్టీ కొట్టీ మాన్పించాడు." మాన్పించాడట! అన్నం, రాత, నలుగురిలో చేసేవన్నీ కుడిచేతికి వచ్చేశాయి. ఎవరూ చూడని కొండ దారిలో మాత్రం ఆ చెయ్యి ముప్పయ్యేళ్ళుగా తన పని తను చేసుకుంటూ ఉంది. "ఎడమచెయ్యేగా!" అని ఊరంతా ఓదార్చినప్పుడు ఈ మనిషి గోడవైపు ఎందుకు తిరిగాడో ఇప్పుడు తెలిసింది. ఆయనకి విరిగింది పనిచేసే చెయ్యి. ఆ మాట పైకి చెప్పడానికి, ఇంత వయసొచ్చాక కూడా, పంతులు బెత్తం అడ్డొచ్చింది.

బద్ధకమేమోనని తను అనుకున్న మాట గుర్తొచ్చి టైలరమ్మకి కళ్ళు తడిశాయి. ఆయన్ని ఏమీ అడగలేదు. "చెప్పు తెగింది, కుట్టించుకొస్తా" అని, కాలికి పాత చెప్పులు తగిలించుకుని, కత్తితో సహా బయటపడింది.

కొలిమి దగ్గరికి వెళ్ళి రొప్పుతూ నిలబడింది. "నాయనా, నిజం చెప్పు. ఈ కత్తి ఎడమచేతిదా?"

కమ్మరి వింతగా చూశాడు. "ఎడమచేతిదే పిన్నీ. చదునుపక్క అటుంటే ఎడమచేత్తో కొట్టినప్పుడు కొమ్మలోకి దిగుతుంది. కుడిచేత్తో కొడితే జారిపోతుంది. ఆ రోజు అడగబోతే నువ్వు నోరెత్తనివ్వలేదు. నీదీ ఎడమచేతి వాటమే కాబోలు, పెద్దవాళ్ళని గుచ్చి గుచ్చి అడగడమెందుకని ఊరుకున్నా."

"మరి మీ నాన్న ఆయనకి ఇలా ఎందుకు చేశాడు?"

"బాబాయి కొత్తగా పనిలో చేరినప్పుడు, ఇక్కడే, ఈ దుంగ మీద కత్తి పట్టి చూశాడట. నాన్న ఏ చేత్తో పట్టాడో గమనించాడు. అడిగితే సిగ్గుపడతాడని అడగలేదట. మారు మాట్లాడకుండా, అందరికీ నూరే పక్క కాక రెండో పక్క నూరి ఇచ్చాడు. ఎప్పుడు పదునుకి తెచ్చినా అటే నూరేవాడు. నాకూ అలాగే చెప్పాడు. బాబాయికి ఈ సంగతి తెలుసో లేదో నాకు తెలీదు."

ఆయనకి తెలీదు. ఆ సంగతి టైలరమ్మకి ఖాయంగా తెలుసు. కత్తి మంచిదని తెలుసు, అంతే. ఒక మనిషి తనని కనిపెట్టుకుని, బతికినన్నాళ్ళూ ఆ సంగతి దాచి, చేతికి అమరేలా చూశాడని తెలీదు. ఆవిడ కొలిమి ఎదుట నిలబడి, పోయిన ఆ పెద్దాయనకి మనసులోనే దణ్ణం పెట్టుకుంది. తర్వాత ఉన్నట్టుండి పకపకా నవ్వడం మొదలెట్టింది.

"ఏంటి పిన్నీ?"

"ఆయన చొక్కా ఆదికిచ్చి నాకు జాకెట్టు కుట్టమన్నాను రా! పైగా ప్రశ్నలడగొద్దన్నాను. నేనూ ఒక దర్జీనే!"

కమ్మరి కూడా నవ్వేశాడు. "ఇటివ్వు, ఇంకో పక్కకి మార్చి నూరిస్తాను."

"వద్దు" అని కత్తిని వెనక్కి లాక్కుంది. "ఇది ఆయనది. ఇలాగే ఉండనీ."

అతను గోడకి వేలాడుతున్నవాటిలోంచి ఇంకొకటి తీశాడు. ఊళ్ళో అందరికీ చేసే మామూలు మచ్చుకత్తి. బయట దుంగ మీద టైలరమ్మ ఒక్క దెబ్బ వేసింది. కత్తి చూసిన చోటే పడి, పడ్డ చోటే దిగింది. ఆ దెబ్బ వెంట దుంగ పక్క నుంచి ఒక పెచ్చు చీలి ఊడొచ్చింది. ఆవిడ ఆ కోతని ఒక కన్ను మూసి చూసుకుంది. తిన్నగా ఉంది.

ఇంటికొచ్చి కొత్తగా చేయించిన ఎడమచేతి కత్తిని ఆయన తలవైపు మేకుకి తగిలించింది. "ఇది మీది. చెయ్యి బాగుపడ్డాక వాడుకోండి. నాకు ఇంకొకటి దొరికింది."

"రెండెందుకే?"

"దారికి రెండు పక్కలు లేవూ?" అంది.

ఆ తర్వాత పని చకచకా సాగింది అనడానికి లేదు. నడుము విరిగింది, అరచేతులు కాయలు కాశాయి. కానీ కత్తి మాట విన్నది. టీకొట్టు అక్క, అడక్కుండానే, పొద్దున్నే కొట్టు తెరిచేలోగా వచ్చి నరికిన కంపంతా పక్కకి లాగి పడేసి వెళ్ళేది. సూపర్‌వైజరు వచ్చిన రోజుకి పై మలుపు దగ్గర కొంచెం మిగిలే ఉంది. అతను గొట్టం పొడవునా నడిచాడు, అక్కడక్కడా వంగి మొదళ్ళు చూశాడు. మలుపు దగ్గర ఆగి, "ఇది?" అన్నాడు.

"రేపు" అంది టైలరమ్మ. "అంచు కుట్టడం ఒక్కటే మిగిలింది సార్."

అతను నవ్వి, జేబులోంచి పెన్ను కూడా తీయకుండానే, "పని మీ ఇంట్లోనే ఉంటుందని పెద్దాయనతో చెప్పండి" అని దిగిపోయాడు.

భర్తకి ఆ కబురు చెప్పినప్పుడు ఆయన మిషను దగ్గరే ఉన్నాడు. ఈ మధ్య రోజూ అక్కడే కూర్చుంటున్నాడు. ఆవిడ పొద్దుటంతా దారి మీద ఉంటే, కుట్టు పని పేరుకుపోతోంది. గలీబులన్నా కత్తిరించి పెడదామని ఆయన తాపత్రయం. ఆవిడ ఇంట్లో ఉంటే కుడిచేత్తో వంకరగా కోసేవాడు. లేనప్పుడు ఎడమచేత్తో నలిపేసేవాడు. పేలికల సంచి నిండిపోయింది.

మర్నాడు మలుపు పని పూర్తిచేసి, తిరుగుదారిలో టైలరమ్మ కొలిమి దగ్గర ఆగింది. కమ్మరి పీట వేయబోతే వద్దని, కొంగు ముడి విప్పి తన కత్తెర తీసి అతని చేతిలో పెట్టింది.

"ఇది ఆది" అంది. "ఈసారి ఎన్ని ప్రశ్నలైనా అడుగు."

అతను కత్తెర తెరిచి మూసి చూశాడు. "ఇలాంటిదేనా?"

"ఇలాంటిదే. కానీ రెండు రెక్కలూ తిరగెయ్యాలి. పైది కిందికి, కిందది పైకి. చేతగాదంటావా?"

"ఎప్పుడూ చేయలేదు పిన్నీ. చూస్తా."

"నాకో సాయం చెయ్యి నాయనా" అని, ఎవరన్నా వింటున్నారేమోనని వాకిటికేసి ఒకసారి చూసి, గొంతు తగ్గించింది. "తయారయ్యాక ఇంటికి నువ్వే తీసుకురా. నేను దారి మీదికెళ్ళిన వేళ చూసి రా. ఆయన చేతికిచ్చి, కత్తెర అని చెప్పు. ఏ చేతిదో మాత్రం చెప్పకు."